బ్యాంకు దొంగల సినిమా 'హీట్' (1995): తరచుగా అడిగే ప్రశ్నలు

'హీట్' చూడమని ఎవరికి చెప్పినా చూడకముందు మూడు ప్రశ్నలు, చూశాక పది ప్రశ్నలు అడుగుతారు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. సినిమా ఇంకా చూడనివాళ్లు ఎక్కడ ఆగిపోవాలో మధ్యలో చెబుతాను. అక్కడిదాకా ధైర్యంగా చదవచ్చు.

ఒక్క ముక్కలో కథేంటి?

లాస్ ఏంజెలెస్‌లో నీల్ మెకాలీ అనే దొంగ ఉంటాడు. ఆ పాత్ర రాబర్ట్ డి నీరోది. జైలు చూసి వచ్చినవాడు, మళ్లీ లోపలికి వెళ్లేది లేదని గట్టిగా అనుకున్నవాడు. నలుగురైదుగురి ముఠాతో పట్టపగలు నడిరోడ్డు మీద ఒక క్యాష్ వ్యాన్‌ను కొడతాడు. ఆ కేసు విన్సెంట్ హానా అనే పోలీసు లెఫ్టినెంట్ చేతికి వస్తుంది. అది అల్ పచినో. అక్కడి నుంచి ఒకడు పెద్ద బ్యాంకు దోపిడీకి సిద్ధమవుతుంటాడు, ఇంకొకడు వాసన పట్టుకుంటూ వెనకాలే వస్తుంటాడు. రాసిందీ తీసిందీ మైకేల్ మాన్.

దాదాపు మూడు గంటలట కదా, బోర్ కొట్టదా?

170 నిమిషాలు. మూడు గంటల సినిమాలు మనకేం కొత్త? కాకపోతే ఇందులో పాటలూ లేవు, కామెడీ ట్రాకూ లేదు. దొంగల ఇళ్లలో ఏం జరుగుతోంది, పోలీసు ఇంట్లో ఏం జరుగుతోంది అని కెమెరా తీరిగ్గా తిరుగుతుంది. కేవలం దోపిడీ కోసం చూస్తే రెండుచోట్ల ఫోన్ తీస్తారు, ముందే చెబుతున్నా. నేనూ మొదటిసారి తీశాను. రెండోసారి చూసినప్పుడు ఆ ఇంటి సీన్లే సినిమా అని అర్థమైంది. దోపిడీ ఎలా చేశారన్నది చాలా సినిమాలు చూపిస్తాయి. దోపిడీ చేసేవాడి భార్య పొద్దున లేచి ఏం లెక్కలు వేసుకుంటుందో చూపించేవి తక్కువ.

ఇద్దరు పెద్ద హీరోలు కలిసి ఎంతసేపు కనిపిస్తారు?

చాలా తక్కువ. ఇద్దరూ ఎదురెదురుగా ఉండే సందర్భాలు రెండే. సినిమా మధ్యలో కాఫీ తాగే సీన్ ఒకటి, క్లైమాక్స్ ఇంకొకటి. మన మల్టీస్టారర్లలో లాగా ఇద్దరికీ సమానంగా ఫైట్లు, ఇద్దరికీ చెరో ఎలివేషన్ ఉంటాయనుకుంటే నిరాశే.

అయినా 1995లో అదొక పండగ. 1974లో వచ్చిన 'ది గాడ్‌ఫాదర్ పార్ట్ 2'లో ఇద్దరూ ఉన్నారు గానీ, తండ్రీకొడుకుల పాత్రలు వేర్వేరు కాలాల్లో నడుస్తాయి కాబట్టి ఒక్క సీన్‌లో కూడా కలవలేదు. అంటే ప్రేక్షకులు ఇరవై ఏళ్లు ఎదురు చూశారన్నమాట. అంత చూసినవాళ్లకు మాన్ ఇచ్చింది ఒక టేబులూ రెండు కప్పులూ. మనదగ్గరైతే అదే ఇంటర్వెల్ బ్యాంగ్ అయ్యేది, నేపథ్య సంగీతంతో థియేటర్ అదిరిపోయేది. ఇక్కడ చుట్టూ వేరే టేబుళ్లవాళ్లు తింటున్న చప్పుడు తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

కాఫీ సీన్‌లో ఇద్దరూ నిజంగా కలిసి కూర్చున్నారా? ఒకే ఫ్రేములో ఇద్దరి ముఖాలూ కనిపించవు కదా!

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో చేశారనీ, డూప్ భుజాలు పెట్టి తీశారనీ పుకార్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. అదేం లేదు. బెవర్లీ హిల్స్‌లో కేట్ మాంటిలినీ అనే రెస్టారెంట్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి తీశారు. 2014లో ఆ రెస్టారెంట్ మూతపడింది.

పుకారు ఎందుకు పుట్టిందంటే, మాన్ ఒకరి భుజం మీదుగా ఇంకొకరి ముఖం చూపించే షాట్లే వాడాడు. రెండు కెమెరాలూ ఒకేసారి నడిపించాడు. పచినో తల కొంచెం వాల్చితే, ఆ క్షణంలోనే డి నీరో కన్ను ఎలా కదిలిందో రెండో కెమెరాలో పడాలని ఆయన పట్టు. విడివిడిగా తీసి అతికిస్తే అది రాదు. ఇద్దర్నీ పక్కనుంచి చూపించే మూడో కోణంలోనూ తీశారు గానీ ఎడిటింగ్‌లో పక్కన పెట్టేశారు. ముందు రిహార్సల్ కూడా పూర్తిగా చేయలేదు. మొదటిసారి పుట్టే తడబాటు కెమెరా ముందే పుట్టాలని ముగ్గురూ అనుకున్నారట. తెర మీద మనం చూసేది ఎక్కువభాగం పదకొండో టేక్.

ఈసారి చూసినప్పుడు చేతులు గమనించండి. ఏదైనా తేడా వస్తే ఇద్దరి చేతులూ ఎక్కడికి వెళ్లాలో అక్కడే సిద్ధంగా ఉన్నట్టుంటాయి. మాటలు మాత్రం ఇద్దరు పాత స్నేహితులు కలుసుకున్నట్టు నడుస్తాయి. ఒకరి కలలు ఒకరికి చెప్పుకుంటారు! మళ్లీ ఎదురుపడితే నిన్ను వదలను అని ఇద్దరూ అంటారు, గొంతు పెంచకుండానే.

ఇది నిజంగా జరిగిన కథా?

పునాది నిజం. ఊరే వేరు. 1960ల్లో షికాగోలో చక్ ఆడమ్సన్ అనే డిటెక్టివ్ ఉండేవాడు. ఆయన వెంటాడిన దొంగ పేరు నీల్ మెకాలీయే. సినిమాలో అసలు పేరే ఉంచేశారు. ఆ మెకాలీ ఆల్కట్రాజ్ జైల్లో కూడా ఉండి వచ్చినవాడు. 1963లో ఒకరోజు ఇద్దరూ అనుకోకుండా ఎదురుపడ్డారు. అరెస్టు చేయడానికి అప్పటికి ఆధారం లేదు. ఆడమ్సన్ అతన్ని కాఫీకి పిలిచాడు, అతను వెళ్లాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. 1964 మార్చిలో ఒక సూపర్ మార్కెట్ దోపిడీ చేసి బయటికి వస్తుంటే పోలీసులు కాపు కాశారు. పారిపోతున్న మెకాలీని ఆడమ్సనే కాల్చి చంపాడు.

ఆడమ్సన్ తర్వాత టీవీ రచనలోకి వచ్చాడు. 1986లో మొదలైన 'క్రైమ్ స్టోరీ' సీరియల్‌కు ఆయన సృష్టికర్తల్లో ఒకడు, దాని వెనక ఉన్నదీ మైకేల్ మానే. ఈ దొంగ కథను మాన్ ఆయన నోట విన్నాడు. తను చంపిన మనిషి మీద ఆ డిటెక్టివ్‌కు గౌరవం ఉండటం మాన్‌ను పట్టుకుంది. షికాగో షాపు లాస్ ఏంజెలెస్ బ్యాంకు అయింది, కారు మారింది, తుపాకులు మారాయి. కాఫీ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంకో ముక్క. జాన్ వోయిట్ చేసిన నేట్ అనే పాత్ర ఉంటుంది, దొంగలకు పనులు కుదిర్చి సరుకు మార్చిపెట్టే పెద్దమనిషి. అతని వేషానికి నమూనా ఎడ్వర్డ్ బంకర్. జైళ్లలో ఏళ్లు గడిపి, అక్కడే రాయడం నేర్చుకుని, తర్వాత నవలా రచయితగా పేరు తెచ్చుకున్న మనిషి.

దీనికి ముందే ఇదే కథతో టీవీ సినిమా వచ్చిందట?

వచ్చింది. 1989లో 'ఎల్.ఎ. టేక్‌డౌన్' పేరుతో మానే తీశాడు, వేరే నటులతో, పంతొమ్మిది రోజుల షూటింగ్‌లో. కాఫీ సీన్ అందులోనూ ఉంది. కుతూహలం ఉంటే 'హీట్' అయ్యాక చూడండి, ముందు వద్దు.

'హీట్' అంటే ఇక్కడ వేడి కాదా?

కాదు, అక్కడి వాడుకలో పోలీసుల ఒత్తిడి. మెకాలీ పాటించే సూత్రం ఒకటుంది. మూల మీద పోలీసుల అలికిడి వినిపిస్తే 30 సెకన్లలో వదిలేసి వెళ్లలేనిదేదీ జీవితంలో ఉంచుకోకూడదు. అందుకే సముద్రం ఒడ్డున అతని ఇంట్లో సామాన్లే ఉండవు. తుపాకి బల్ల మీద పెట్టి కిటికీలోంచి సముద్రం చూస్తూ నిలబడే నీలిరంగు షాట్ గుర్తుందా? కెనడా చిత్రకారుడు అలెక్స్ కోల్‌విల్ 1967లో వేసిన 'పసిఫిక్' అనే బొమ్మ దానికి ప్రేరణ. ఆ 30 సెకన్ల మాటను మనసులో పెట్టుకుని చూడండి. సినిమాలో ప్రతి పాత్రకూ ఆ గడియారం ఒకసారి మోగుతుంది.

బాండ్ల గొడవ అర్థం కాలేదు. దొంగలు ఎత్తుకుపోయిన బాండ్లను పోగొట్టుకున్నవాడికే అమ్మడమేంటి?

క్యాష్ వ్యాన్‌లో వాళ్లు తీసుకున్నది బేరర్ బాండ్లు మాత్రమే. అక్కడే పడున్న నోట్లను ముట్టుకోరు. బేరర్ బాండ్ అంటే చేతిలో ఎవరి దగ్గరుంటే వాళ్లదే, పేరూ ఊరూ ఉండదు. వాటి విలువ 16 లక్షల డాలర్లు, సొంతదారు వాన్ జాంట్ అనే ఫైనాన్స్ వ్యాపారి.

ఇప్పుడు లెక్క చూడండి. పోయిన సొమ్ముకు ఇన్సూరెన్స్ కంపెనీ అతనికి మొత్తం 16 లక్షలూ ఇచ్చేస్తుంది. అవే బాండ్లను దొంగల దగ్గర 60 శాతానికి, అంటే 9 లక్షల 60 వేలకు వెనక్కి కొనుక్కుంటే, 16 లక్షల సరుకు మళ్లీ చేతికొస్తుంది. దొంగతనం జరిగినందుకు అతనికి మిగిలేది 6 లక్షల 40 వేలు. ఇంత మంచి బేరానికి ఒప్పుకోక, నన్నే దోచుకుంటారా అని పౌరుషానికి పోయి డబ్బుకు బదులు తుపాకి పంపుతాడు. ఈ సినిమాలో అందరికంటే మూర్ఖుడు ఎవరంటే నేను అతని పేరే చెబుతాను.

(చూడనివాళ్లు ఇక్కడ ఆగండి. ఇక్కడి నుంచి కథ మొత్తం బయటికి వస్తుంది.)

లోహాల గోదాము దొంగతనం మధ్యలో వదిలేసి ఎందుకు వెళ్లిపోతారు? పోలీసులు ఎందుకు వదిలేస్తారు?

ఎదురుగా ఆపిన ట్రక్కులో పోలీసులు ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటారు. ఒకతను అలసిపోయి కిందికి కూర్చుంటే ఒంటి మీద సామాను ట్రక్కు గోడకు తగిలి చిన్న చప్పుడవుతుంది. అంతే. బయట కాపలా ఉన్న మెకాలీ తల తిప్పి ఆ చీకట్లోకి చూస్తాడు. హానా ముందున్న తెర మీద అతని ముఖం బూడిదరంగులో, సరిగ్గా మనవైపే చూస్తున్నట్టు కనిపిస్తుంది. లోపల క్రిస్ (వాల్ కిల్మర్) డ్రిల్లుతో దాదాపు పని పూర్తి చేసి ఉంటాడు. మెకాలీ వెళ్లి, పద అంటాడు. వాదన లేదు. సామాను అక్కడే పడేసి నడిచిపోతారు.

ఇక హానా వైపు. ఆ క్షణంలో పట్టుకుంటే తాళం పగలగొట్టి లోపలికి దూరిన కేసు తప్ప ఏముంది? ఏదీ దొంగిలించలేదు. కొన్నాళ్లకు బయటికొస్తారు. అతనికి కావాల్సింది వ్యాన్ దగ్గర జరిగిన మూడు హత్యలకు లెక్క. అందుకే పళ్లు కొరుక్కుంటూ పోనిస్తాడు.

బ్యాంకు దోపిడీ సంగతి పోలీసులకు ఎలా తెలిసింది?

మెకాలీ మొదటిరోజు చేసిన తప్పు వల్ల. వ్యాన్ దోపిడీకి వెయిన్‌గ్రో అనే కొత్తవాణ్ణి తీసుకున్నారు. అవసరం లేకుండా ఒక గార్డును కాల్చేశాడు. ఇంకో గార్డు తుపాకి తీయబోతే అతన్నీ కాల్చారు, సాక్షిని మిగల్చకూడదని మూడోవాణ్ణీ చంపాల్సి వచ్చింది. తర్వాత అతన్ని పార్కింగ్‌లో అంతం చేయబోతుంటే ఒక పోలీసు కారు అటుగా వెళ్తుంది. తలలు తిప్పి మళ్లీ చూసేసరికి నేల మీద మనిషి లేడు. ఆ వెయిన్‌గ్రో వాన్ జాంట్ మనుషులతో కలిశాడు, వాళ్ల నుంచి పోలీసులకు టిప్ అందింది.

చిన్న సరదా విషయం: హానాకు ముఠా ఆచూకీ దొరికింది ఒక్క ఊతపదంతో. మైకేల్ అనే ముఠా సభ్యుడికి (టామ్ సైజ్‌మోర్) ఎదుటివాణ్ణి 'స్లిక్' అని పిలిచే అలవాటు. వ్యాన్ దగ్గర అది ఒక సాక్షి చెవిన పడింది.

నడివీధి కాల్పుల సీన్ గురించి అందరూ ఎందుకంత చెబుతారు?

చెవుల కోసం. మామూలుగా సినిమాల్లో తుపాకి చప్పుడు స్టూడియోలో తర్వాత కలుపుతారు. ఇక్కడా అలా ఒక ట్రాక్ తయారు చేశారు. కానీ మాన్‌కు షూటింగ్ రోజున లొకేషన్‌లో రికార్డయిన శబ్దమే నచ్చింది, దాన్నే ఉంచాడు. డౌన్‌టౌన్ లాస్ ఏంజెలెస్‌లో ఆఫీసులు ఖాళీగా ఉండే శని, ఆదివారాల్లో తీశారు. రెండు పక్కలా అద్దాల మేడలు, మధ్యలో ఖాళీ తూటాల మోత. ఒక దెబ్బ పడితే ఎదురుగోడకు కొట్టుకుని తిరిగొచ్చేలోపు ఇంకోటి పడుతుంది. నేను ఒక ఆదివారం మధ్యాహ్నం హెడ్‌ఫోన్స్ లేకుండా పెడితే, వంటింట్లో ఉన్న మా అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

ఇంకోటి, వాళ్లు నటుల్లా పరిగెత్తరు. బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్.ఎ.ఎస్.లో పనిచేసిన ఆండీ మెక్‌నాబ్ లాంటివాళ్లతో శిక్షణ ఇప్పించారు, అసలు తూటాలతో కూడా ప్రాక్టీస్ చేయించారు. ఒకడు కాలుస్తుంటే ఇంకొకడు వెనక్కి జరుగుతాడు, వాడు ఆగి కాలుస్తుంటే వీడు జరుగుతాడు. కిల్మర్ ఖాళీ మ్యాగజైన్ పడేసి కొత్తది ఎక్కించే రెండు క్షణాలు తుపాకుల సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేపథ్య సంగీతం ఒక్క ముక్క ఉండదు. మొదలయ్యేది కూడా ఎలా? క్రిస్ బ్యాగు భుజాన వేసుకుని నవ్వుతూ కారు దాకా వస్తాడు. బ్యాగుల్లో ఉన్నది 1.2 కోట్ల డాలర్లు. డోర్ దగ్గర తలెత్తుతాడు, రోడ్డు అవతల పోలీసు కనిపిస్తాడు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోకముందే పేల్చడం మొదలుపెడతాడు.

ఈ సినిమా చూసే నార్త్ హాలీవుడ్‌లో నిజం దోపిడీ జరిగిందంటారు, నిజమేనా?

1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో ఒంటినిండా కవచాలు తొడుక్కుని ఆటోమేటిక్ రైఫిళ్లతో ఇద్దరు ఒక బ్యాంకులోకి వెళ్లారు. బయటికొచ్చాక పోలీసులతో దాదాపు 44 నిమిషాలు కాల్పులు నడిచాయి. చాలామంది గాయపడ్డారు, చనిపోయింది మాత్రం ఆ దొంగలిద్దరే. సినిమా వచ్చి అప్పటికి ఏడాది దాటింది, ఊరు కూడా ఒకటే, కాబట్టి ఆ పోలిక తప్పలేదు. అయితే ఆ ఇద్దరూ అంతకుముందు నుంచే దోపిడీలు చేస్తున్నవాళ్లు. సినిమా వాళ్లను దొంగల్ని చేసిందనడం నాకు కుదరని మాట.

డ్రైవర్‌గా చేసిన ఆ హోటల్ కుర్రాడి కథ ఎందుకు పెట్టారు? తీసేసినా సినిమాకు ఏమీ కాదు కదా?

తీసేస్తే నేను చూడను! డెనిస్ హేస్‌బర్ట్ చేసిన బ్రీడన్ పెరోల్ మీద బయటికొచ్చి ఒక హోటల్ వంటింట్లో పనికి చేరతాడు. మొదటిరోజే మేనేజర్, జీతంలో 25 శాతం నాకు కట్టాలి, లేదంటే తాగి పనిలోకి వచ్చావని పెరోల్ ఆఫీసర్‌కు రాస్తాను అంటాడు. భార్య అతన్ని సముదాయిస్తూనే ఉంటుంది, నిన్ను చూస్తే గర్వంగా ఉంది అంటుంది. ఒకరోజు మెకాలీ అదే హోటల్‌కు టిఫిన్‌కు వస్తాడు. డ్రైవర్ చేయిచ్చాడు, నువ్వొస్తావా, ఇప్పుడే చెప్పు అంటాడు. బ్రీడన్ రెండు క్షణాలు పెనం వైపు చూసి, అడ్డొచ్చిన మేనేజర్‌ను తోసేసి నడుస్తాడు.

కొద్దిసేపటికే స్టీరింగ్ మీద చనిపోతాడు. ఆ భార్య టీవీలో వార్తల్లో అతని ఫొటో చూస్తుంది. ఆమెకు డైలాగ్ కూడా లేదు అక్కడ.

బాల్కనీలో షార్లీన్ చేసిన సైగ ఏంటి?

క్రిస్ భార్య షార్లీన్ (యాష్లీ జడ్) పోలీసుల చేతిలో ఉంటుంది. మొగుణ్ణి పట్టిస్తే సరి, లేదంటే జైలు, చంటివాడు అనాథల పాలు. క్రిస్ జుట్టు కత్తిరించుకుని కింద కారు దిగుతాడు, పైకి చూసి నవ్వుతాడు. రెయిలింగ్ మీద ఉన్న ఆమె చెయ్యి, అరచేయి కిందికి పెట్టి, అడ్డంగా ఇంత కదులుతుంది. వెనక గదిలో ఉన్న పోలీసుకు కనపడనంత చిన్నగా. అతని నవ్వు మెల్లగా ఆరిపోతుంది. కారెక్కి వెళ్లిపోతాడు. అప్పటిదాకా ఆమె అతనితో విసిగి వేసారి ఉంది, వేరే మనిషితో కూడా తిరిగింది. అయినా పట్టించలేదు. వదిలేయడం అంటే ప్రేమ లేకపోవడమే అనుకునేవాళ్లకు ఈ సీన్ చూపించాలి.

మెకాలీ ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోతే సరిపోయేది కదా, ఎందుకు వెనక్కి తిప్పాడు?

పక్కన ప్రియురాలు ఈడీ ఉంది, విమానం సిద్ధంగా ఉంది. వెయిన్‌గ్రో ఏ హోటల్లో ఉన్నాడో నేట్ ఫోన్లో చెబుతాడు. ఇక దాంతో పనిలేదన్నట్టు మొదట పట్టించుకోడు. కారు సొరంగంలోకి వెళ్తుంది, తెల్లటి వెలుతురు ముఖం మీద పడుతుంది. బయటికి రాగానే స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేస్తాడు. గోదాము దగ్గర లక్షల సరుకు వదిలి నడిచినవాడు ఒక పగను వదల్లేకపోయాడు. తర్వాత హోటల్ బయట హానా కనిపించినప్పుడు, కారు దగ్గర ఎదురుచూస్తున్న ఈడీని మాత్రం 30 సెకన్లు కూడా పట్టకుండా వదిలేశాడు. వదలాల్సినదాన్ని పట్టుకుని, పట్టుకోవాల్సినదాన్ని వదిలాడు. మాన్ దీన్ని ఎక్కడా డైలాగుగా చెప్పించడు.

పచినో అంత అరుస్తాడెందుకు? ఓవరాక్షన్ కాదా?

కొన్నిచోట్ల అవును, ఒప్పుకుంటా. హానా కొకైన్ వాడే మనిషన్న ఊహతో చేశానని, అది చూపించే సీన్ సినిమాలో లేకుండా పోయిందని పచినో తర్వాత చెప్పాడు. ఆ మాట విన్నాక ఆ అరుపులు వేరేగా వినిపిస్తాయి. భార్య వేరేవాడితో ఉన్నప్పుడు ఇంటికొచ్చి, ఈ ఇంట్లో ఆమె సోఫా మీద కూర్చుంటే కూర్చో గానీ నా టీవీ మాత్రం చూడకూడదు అని అతనితో చెప్పి దాన్ని ఊడబెరుక్కుని కార్లో పెట్టుకుని, దారిలో రోడ్డు మీదికి తన్నేస్తాడు చూడండి. అది ఓవరాక్షన్ అయితే ఇంకొంచెం కావాలి.

అప్పట్లో ఆడిందా? అవార్డులు?

సుమారు 6 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా 18 కోట్లకు పైనే వచ్చాయి. ఆస్కార్‌కు ఒక్క నామినేషన్ కూడా రాలేదు. 2008 నాటి 'ది డార్క్ నైట్'పై దీని ప్రభావం ఉందని క్రిస్టఫర్ నోలన్ స్వయంగా చెప్పాడు. అందులో మొదటి బ్యాంకు సీన్‌లో తుపాకి పట్టుకుని వచ్చే మేనేజర్ ఎవరనుకున్నారు? మన వాన్ జాంటే, విలియం ఫిక్ట్‌నర్.

రెండో భాగం ఉందా?

పుస్తకంగా ఉంది. మెగ్ గార్డినర్‌తో కలిసి మాన్ 2022లో 'హీట్ 2' నవల తెచ్చాడు. కథకు ముందు జరిగిందీ, తర్వాత క్రిస్‌కు ఏమైందీ రెండూ ఉంటాయి. సైజ్‌మోర్ 2023లో, కిల్మర్ 2025లో చనిపోయారు.

పిల్లలతో చూడొచ్చా?

వద్దు. కాల్పులు, నెత్తురు, ఒక అమ్మాయి ఆత్మహత్యాయత్నం ఉన్నాయి.

చివర్లో వచ్చే ఆ సంగీతం ఎవరిది?

సినిమాకు సంగీతం ఎలియట్ గోల్డెన్‌థాల్. చివర్లో వినిపించేది మాత్రం మోబీ చేసిన 'గాడ్ మూవింగ్ ఓవర్ ద ఫేస్ ఆఫ్ ద వాటర్స్'. పియానో మీద ఒకే వరస మళ్లీ మళ్లీ తిరుగుతూ పెరుగుతుంది. విమానాశ్రయం రన్‌వే పక్కన, దిగే విమానం కోసం దీపాలు వెలిగినప్పుడు మెకాలీ నీడ నేల మీద పడి హానాకు దొరికిపోతాడు. తూటాలు తగిలి కూలబడి, చెయ్యి చాపుతాడు. హానా ఆ చెయ్యి పట్టుకుంటాడు. పేర్లు పడుతున్నాయి కదా అని అక్కడ ఆపేయకండి. ఆ చెయ్యి ఎంతసేపు పట్టుకుని నిలబడతాడో చూడండి.